తొలకరి వాసన తయారుచేసే ఎంజైమ్: ప్రాజెక్టు డైరీ

ఎండిన చెల్క నేల మీద తొలకరి చినుకు పడగానే లేచే వాసనలో పెద్ద వాటా జియోస్మిన్‌ది. పన్నెండు కార్బన్ల చిన్న ఆల్కహాల్ అది. పరిశోధకులు గెర్బర్, లెషెవలియర్ 1965లో దానికి ఆ పేరు పెట్టారు. నేలలో దాన్ని ఎక్కువగా తయారుచేసేవి స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా. రసాయన శాస్త్రవేత్త డేవిడ్ కేన్ బృందం 2007లో చూపించిన సంగతి ఈ ప్రాజెక్టుకు పునాది: స్ట్రెప్టోమైసిస్ కోయెలికలర్‌లో 726 అమైనో ఆమ్లాల ఒకే ఒక్క ప్రొటీన్ ఈ పనంతా చేస్తుంది. ముందు సగం ఫార్నెసిల్ డైఫాస్ఫేట్ అనే పదిహేను కార్బన్ల ముడిసరుకుని పట్టుకుని జర్మాక్రాడయెనాల్‌గా మలుస్తుంది. పక్కదారిలో కొంత జర్మాక్రీన్-డి కూడా పుడుతుంది, అది అక్కడితో ఆగిపోతుంది. వెనక సగం జర్మాక్రాడయెనాల్‌ని తీసుకుని మూడు కార్బన్లను అసిటోన్‌గా తెంచి, మిగిలిన పన్నెండింటిని జియోస్మిన్‌గా వదులుతుంది.

రెండు సగాలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒకప్పటి ఒక జన్యువు రెండై, అతుక్కుని ఈ ప్రొటీన్ అయిందన్నది బలమైన ఊహ. మరి అతుక్కున్నందువల్ల ఏం లాభం? ముందు సగం చేసిన సరుకును వెనక సగానికి చేతికి చేయి అందిస్తుందా, లేక ద్రావణంలోకి వదిలేస్తే వెనక సగం మళ్లీ వెతికి పట్టుకుంటుందా? హైదరాబాద్ మట్టిలోంచి తీసిన ఒక స్ట్రెయిన్ జన్యువుతో ఈ ప్రశ్న మీద పని చేస్తున్నాం. మొత్తం ప్రొటీన్, ముందు సగం, వెనక సగం అని మూడు నిర్మాణాలు కట్టాం.

జూన్, రెండో వారం: మట్టి

గచ్చిబౌలి వైపు గ్రానైట్ గుట్టల మధ్య ఎర్ర చెల్క, చేవెళ్ల వైపు పొలం గట్టున నల్లరేగడి. రెండు చోట్లా పైపొర గీకేసి 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతులో 50 గ్రాముల చొప్పున తీశాం. నీడలో మూడు రోజులు ఆరబెట్టి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాం. 10 గ్రాముల మట్టికి 1 గ్రాము కాల్షియం కార్బొనేట్ కలిపి 28 డిగ్రీల్లో పది రోజులు ఉంచితే స్ట్రెప్టోమైసిస్ వాటా పెరుగుతుంది. ఆ పది రోజులు దండగని తొందరపడి నేరుగా ప్లేట్ల మీద పోసిన బ్యాచ్‌లో బాసిల్లస్ ప్లేటంతా పాకేసింది.

పోసింది స్టార్చ్ కేసిన్ అగార్ మీద. బూజు రాకుండా సైక్లోహెక్సిమైడ్ మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు, గ్రామ్ నెగటివ్‌లు రాకుండా నలిడిక్సిక్ ఆమ్లం 20 మైక్రోగ్రాములు. వానాకాలపు తేమకు ప్లేట్ల మూత కింద నీళ్లు పడతాయి. ఆ ఒక్క చుక్క జారితే కాలనీలన్నీ కలిసిపోతాయి. పోసిన ప్లేట్లను హుడ్‌లో మూత తీసి 40 నిమిషాలు ఆరబెట్టాకే వాడాలి.

ఏడో రోజుకి కాలనీలు కనిపించాయి. మంచి స్ట్రెప్టోమైసిస్ కాలనీని సూదితో కదిపితే తెలిసిపోతుంది: కింద తోలులా అగార్‌ని పట్టుకుని ఉంటుంది, పైన సుద్దపొడి చల్లినట్టు బూడిద రంగు బీజాలు (స్పోర్లు). మెత్తగా వెన్నలా లేచి వచ్చేస్తే అది మనకు కావలసింది కాదు. ప్లేటు మూత తీసి వాసన చూడటం మాత్రం వద్దు. నేల నుంచి వచ్చిన తెలియని బీజాలు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిన్న గాజు సీసాలో వాలుగా పోసిన అగార్ మీద పెంచి, పై గాలిని జీసీ-ఎంఎస్‌కి (ఆవిరయ్యే అణువులను వేరుచేసి, బరువును బట్టి గుర్తుపట్టే యంత్రం) ఇస్తే సరిపోతుంది. చెల్క నేల నుంచి వచ్చిన నాలుగో నంబరు స్ట్రెయిన్‌ని ఎంచుకున్నాం. ఇకపై చె-4.

జూన్ చివర: డీఎన్‌ఏ, పీసీఆర్

స్ట్రెప్టోమైసిస్ ద్రవంలో ముద్దలు ముద్దలుగా పెరుగుతుంది. ఆ ముద్ద లోపలికి కణపు గోడను తెంచే ఎంజైమ్ లైసోజైమ్ పోదు. ఫ్లాస్కులో స్టీలు స్ప్రింగ్ వేసి, మాధ్యమంలో 0.5 శాతం గ్లైసిన్ కలిపితే కణపు గోడ బలహీనపడి, ముద్దలు చిన్నవవుతాయి. గ్లైసిన్ 1 శాతం దాటిస్తే పెరుగుదలే కుంటుపడింది. లైసోజైమ్ మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు, 37 డిగ్రీల్లో గంట. ఆ తర్వాత ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్-కె, ఫినాల్ క్లోరోఫాం. ఈ దశలో కొత్త సంగతేం లేదు.

పీసీఆర్‌లో మాత్రం చిక్కుంది. ఈ జాతి డీఎన్‌ఏలో జీ, సీ బేస్‌లు కలిపి 72 శాతం దాకా ఉంటాయి. మామూలు పద్ధతిలో రెండు పోగులు సరిగా విడిపోవు, మధ్యలో మడతలు పడతాయి. 98 డిగ్రీల్లో విడదీయడం, జీసీ బఫర్, మడతలు విప్పే ద్రావకం డీఎంఎస్‌ఓ 5 శాతం, ఈ మూడూ కలిస్తేనే బ్యాండ్ వచ్చింది. డీఎంఎస్‌ఓ వేస్తే ప్రైమర్ అతుక్కునే ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీలు తగ్గుతుంది, దాన్ని లెక్కలో తీసుకోవాలి. 10 శాతం వేస్తే పాలిమరేజ్ మందగించి దిగుబడి పడిపోయింది.

డీజనరేట్ ప్రైమర్లను (కొన్ని చోట్ల ఒకటికి మించిన బేస్‌లకు వీలిచ్చే మిశ్రమం) రెండు చోట్ల పెట్టాం: ముందు సగంలో మెగ్నీషియంని పట్టే ఆస్పార్టేట్ల మోటిఫ్ (మారకుండా ఉండే అమైనో ఆమ్లాల వరుస) డీడీహెచ్‌ఎఫ్‌ఎల్‌ఈ మీద ఒకటి, అదే సగంలో కాస్త దూరంలో ఉండే ఎన్‌ఎస్‌ఈ మోటిఫ్ మీద రెండోది. నాలుగైదు వందల బేస్‌ల ముక్క వచ్చింది. సీక్వెన్స్ చూస్తే జియోస్మిన్ సింథేజే. చె-4 జన్యుపటం చేయించాక పూర్తి జన్యువు దొరికింది, దాదాపు 2.2 కిలోబేస్‌లు.

జులై: కోత ఎక్కడ పెట్టాలి

ప్రాజెక్టులో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది దీని గురించే. కోయెలికలర్ ప్రొటీన్ ముందు సగాన్ని 366వ అమైనో ఆమ్లం వరకు తీసుకుంటే చురుగ్గా పనిచేస్తుందని కేన్ బృందం పనిలోనే ఉంది. చె-4 ప్రొటీన్‌ని దానితో వరుసలో పెట్టి, సమానమైన చోటు చూసుకున్నాం. ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ ఇచ్చిన నమూనాలో రెండు సగాలూ విడివిడిగా నమ్మకంగా కనిపిస్తాయి. ఒకదాని పక్కన ఇంకొకటి ఏ కోణంలో ఉందన్నదానికి మాత్రం నమ్మకపు విలువ తక్కువ. బొమ్మ అందంగా ఉందని ఆ కోణాన్ని నిజమనుకోకూడదు. భాగాల మధ్య అమరిక ఎంత నమ్మదగినదో చూపే పీఏఈ పటం తెరిచి చూడటం తప్పనిసరి.

రెండు సగాలను కలిపే మధ్య లింకర్ దగ్గర, కోతను 25 అవశేషాలు (అమైనో ఆమ్లాలు) ముందు సగం వైపు జరిపితే, వచ్చిన ముక్క మొత్తం గడ్డకట్టి ఇన్‌క్లూజన్ బాడీల్లోకి (కణంలో కరగని ప్రొటీన్ ముద్దలు) పోయింది. కారణం నమూనాలో కనిపిస్తూనే ఉంది: ముందు సగపు చివరి హెలిక్స్ సగంలో తెగింది, లోపల దాగాల్సిన నీటికి దూరంగా ఉండే పక్క బయటపడింది. హెలిక్స్ పూర్తయ్యాక మరో ఆరేడు అవశేషాలు వదిలి కోస్తే కరిగే ప్రొటీన్ వచ్చింది.

జన్యువును మోసే వెక్టర్ పెట్-28ఏ, ముందు వైపు నికెల్ స్తంభానికి అతుక్కునే హిస్టిడిన్ తోక. రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌లతో కట్ చేసే ముందు జన్యువులో లోపలి కోత చోట్లు వెతకాలి. ఎక్స్‌హెచ్‌ఓ-1 అనే ఎంజైమ్ గుర్తించే వరుస జీసీ ఎక్కువున్న జన్యువుల్లో తరచుగా వస్తుంది, మన దాంట్లో రెండు చోట్ల ఉంది. ఆ కోతలు అక్కర్లేకుండా కొసలు కలిపి అతికించే గిబ్సన్ పద్ధతికి మారిపోయాం.

జులై చివర: ప్రొటీన్

ప్రొటీన్ తయారీకి వాడే ఈ.కోలై స్ట్రెయిన్ బీఎల్-21లో పూర్తి నిడివి ప్రొటీన్ చాలా తక్కువ. అరుదైన కోడాన్లకు అదనపు టీఆర్‌ఎన్‌ఏలిచ్చే రోసెట్టా-2లో మెరుగ్గా వచ్చింది. దానికి మిల్లీలీటరుకు కనామైసిన్ 50తో పాటు క్లోరాంఫెనికాల్ 34 మైక్రోగ్రాములు వేయాలి. టెర్రిఫిక్ బ్రాత్ 1 లీటరు, ఓడీ (కణాల సాంద్రత కొలత) 0.7 దగ్గర ఫ్లాస్కులని ఐసులో 15 నిమిషాలు చల్లార్చి, ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ 0.2 మిల్లీమోలార్, 18 డిగ్రీల్లో 18 గంటలు. చల్లార్చకుండా నేరుగా షేకర్ ఉష్ణోగ్రత తగ్గిస్తే, వేడిగా ఉన్న గదుల్లో మాధ్యమం 18కి దిగేసరికే గంట దాటుతుంది. ఆ గంటలోనే ప్రొటీన్ సగం పాడవుతుంది.

కణాలు పగలగొట్టే బఫర్: ట్రిస్ 50 మిల్లీమోలార్ పీహెచ్ 8.0, ఉప్పు 300 మిల్లీమోలార్, గ్లిసరాల్ 15 శాతం, బీటా మెర్కాప్టోఇథనాల్ 5 మిల్లీమోలార్. లోహ అయాన్లను లాక్కునే ఈడీటీఏ ఉన్న, ప్రొటియేజ్‌లను ఆపే మాత్రను పొరపాటున వేస్తే నికెల్ స్తంభం తెల్లబోతుంది, ప్రొటీన్ అంతా మొదటి ప్రవాహంలోనే పోతుంది. ఫాస్ఫేట్ బఫర్ కూడా వద్దు. తర్వాత మెగ్నీషియం తగలగానే మబ్బు కడుతుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది. మన పూర్తి ప్రొటీన్ సుమారు 82 కిలోడాల్టన్లు. ఈ.కోలై సొంత ప్రొటీన్ ఆర్న్-ఏ సుమారు 74, అది నికెల్‌కి గట్టిగా అతుక్కుంటుంది. 10 శాతం జెల్ మీద అవి రెండూ దాదాపు ఒకే చోట. మొదటి బ్యాచ్‌లో "మంచి బ్యాండ్" అని రాసుకున్నది ఆర్న్-ఏ. ఖాళీ వెక్టర్ ఉన్న కణాలను కూడా అదే రోజు అదే పద్ధతిలో శుద్ధి చేసి పక్క లేన్‌లో పెడితేనే తేడా తెలుస్తుంది. నికెల్‌కి వదులుగా అతుక్కున్నవాటిని విడిపించే ఇమిడజోల్‌ని 20కి బదులు 40 మిల్లీమోలార్‌తో కడగడం, ఆ తర్వాత జెల్ ఫిల్ట్రేషన్, ఈ రెండూ కలిపితే శుభ్రమైంది.

ఆగస్టు: అస్సే (ఎంజైమ్ పనిని కొలిచే పరీక్ష). ఇక్కడే అసలు సంగతి

ఫార్నెసిల్ డైఫాస్ఫేట్ ఖరీదైనది. అమ్మోనియం లవణం మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే 2.3 మిల్లీమోలార్. 1 మిల్లీలీటరు రియాక్షన్‌లో 50 మైక్రోమోలార్ కావాలంటే 22 మైక్రోలీటర్లు. అది మిథనాల్ ఎక్కువగా ఉన్న ద్రావణంలో వస్తుంది కాబట్టి చివరికి మిథనాల్ 1.5 శాతం చేరుతుంది, ఆ మాత్రం ఎంజైమ్ తట్టుకుంటుంది. రియాక్షన్ బఫర్‌లో పైప్స్ అనే రసాయనం 50 మిల్లీమోలార్ పీహెచ్ 6.7, మెగ్నీషియం క్లోరైడ్ 15 మిల్లీమోలార్, గ్లిసరాల్ 20 శాతం, ఎంజైమ్ 1 మైక్రోమోలార్. పీహెచ్ ఇంకా కిందికి పోనివ్వొద్దు. ఆమ్లంలో ఫార్నెసిల్ డైఫాస్ఫేట్ తనంతట తానే విరిగి నెరొలిడాల్, ఫార్నెసాల్ ఇస్తుంది. వాటి అణుభారం 222, జర్మాక్రాడయెనాల్‌దీ 222. మాస్ ఒక్కటే చూసి సంతోషపడితే తప్పుదారి పట్టినట్టే. ఎంజైమ్ లేని సీసాలో కూడా ఆ శిఖరం వస్తే అది విరిగిన ముడిసరుకు. మరిగించిన ఎంజైమ్ సీసాలో లేకుండా మామూలు సీసాలో ఫార్నెసాల్ మాత్రమే ఎక్కువుంటే, ఈ.కోలై ఫాస్ఫటేజ్ శుద్ధిలో మిగిలిపోయిందని అర్థం.

సీసాలు గాజువే కావాలి, మూతకు టెఫ్లాన్ పొర ఉండాలి. పాలీప్రొపిలీన్ ట్యూబులు ఈ నూనెజాతి అణువులను పీల్చేసుకుంటాయి. ఒకే రియాక్షన్‌ని ప్లాస్టిక్‌లో, గాజులో నడిపి పక్కపక్కన పెడితే ప్లాస్టిక్‌ది బక్కచిక్కిపోయింది. మొదట అది ఎంజైమ్ లోపమే అనుకున్నాం.

ఖాళీ సీసాల్లో జియోస్మిన్ కనిపించడం రెండో తలనొప్పి. ఎం/జెడ్ (అణువు ముక్క బరువు, ఆవేశాల నిష్పత్తి) 112 దగ్గర చిన్నదే అయినా స్పష్టమైన శిఖరం. చెరువులు, జలాశయాల్లో పెరిగే సయనోబ్యాక్టీరియా కూడా జియోస్మిన్ చేస్తాయి. గాజుసామాను చివరిసారి నల్లా నీళ్లతో కడగటమే దానికి దారి. శుద్ధజలంతో కడిగి, 250 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు గంటలు కాల్చాక పోయింది. బీట్‌రూట్‌కి ఆ మట్టి వాసన జియోస్మిన్ వల్లే వస్తుంది కాబట్టి నమూనాలు సిద్ధం చేసే గదిలోకి టిఫిన్ డబ్బాలు రానివ్వట్లేదు.

ఇక ప్రశ్నకు వద్దాం. తేలికగా ఆవిరయ్యే సరుకు పోకుండా రియాక్షన్ పైన నీటితో కలవని ద్రావకం పెంటేన్‌ని పొరగా వేయడం వాడుక. అలాగే వేశాం. పూర్తి ప్రొటీన్ సీసాలో జర్మాక్రాడయెనాల్ బోలెడు, జియోస్మిన్ కొద్దిగా. ముందు సగం, వెనక సగం విడివిడిగా కలిపిన సీసాలో జియోస్మిన్ ఇంకా తక్కువ. ఈ ఒక్క పట్టిక చూస్తే "అతుక్కుని ఉండటం వల్లే చేతికి చేయి అందుతోంది, విడదీస్తే చెడింది" అని రాసేయాలనిపిస్తుంది. అది తప్పు.

పెంటేన్ పొర ఊరికే కాపలా కాయదు, సరుకును లాక్కుంటుంది. ముందు సగం వదిలిన జర్మాక్రాడయెనాల్ నీటిలో ఉండటానికి ఇష్టపడదు. వెనక సగం దాన్ని అందుకునే లోపే పైకి, పెంటేన్‌లోకి పోతుంది. అక్కడికి ఎంజైమ్ పోలేదు. పొర తీసేసి, గాలి ఖాళీ వీలైనంత తక్కువ ఉండేలా సీసా నింపి మూత బిగించి అదే ప్రయోగం మళ్లీ చేశాం. 10, 30, 60, 240 నిమిషాల దగ్గర వేర్వేరు సీసాలు. ఆపడానికి ఈడీటీఏ 50 మిల్లీమోలార్. మెగ్నీషియం పోతే ముందు సగం ఆగుతుంది. ఈడీటీఏ వేయకుండా నేరుగా పెంటేన్‌తో తీస్తే కుదుపులో కూడా రియాక్షన్ నడుస్తూనే ఉంటుంది. ఆ తర్వాతే డ్యుటీరియం ఉన్న జియోస్మిన్‌ని లెక్క కోసం కలపాలి, దాని శిఖరం 115 దగ్గర.

ఈసారి బొమ్మ మారింది. పూర్తి ప్రొటీన్ సీసాలో మొదటి పది నిమిషాల్లో జర్మాక్రాడయెనాల్ పెరిగింది, జియోస్మిన్ దాదాపు లేదు. తర్వాత మొదటిది తగ్గుతూ రెండోది పెరుగుతూ వచ్చింది. విడి సగాలు కలిపిన సీసాలోనూ అదే వరుస, కాస్త నెమ్మదిగా. చేతికి చేయి అందిస్తుంటే మధ్య సరుకు ఇలా ద్రావణంలో పోగవ్వదు, జియోస్మిన్ మొదటి నిమిషం నుంచే రావాలి.

దీన్ని ఇంకో విధంగా కూడా పరీక్షించాం. ముందు సగంలో మెగ్నీషియం పట్టే ఆస్పార్టేట్‌ని చెడగొట్టిన పూర్తి ప్రొటీన్ ఒకటి, వెనక సగంలో అలాంటి చోటే చెడగొట్టిన పూర్తి ప్రొటీన్ ఇంకొకటి. ఏ ఒక్కటీ జియోస్మిన్ చేయలేదు. రెండూ కలిపితే చేశాయి. అంటే జర్మాక్రాడయెనాల్ ఒక ప్రొటీన్ అణువు వదిలి, ద్రావణం దాటి, ఇంకో అణువుని చేరింది. కోయెలికలర్ ఎంజైమ్ గురించి ముందే ప్రచురితమైన దానికి ఇది సరిపోతుంది. చె-4 వేరే దారిలో పోలేదు.

మా అభిప్రాయంలో అతుకు వల్ల లాభం సరుకు రవాణా కాదు. రెండు సగాలూ ఎప్పుడూ సమానంగా పుడతాయి, ఒకే ప్రమోటర్ (జన్యువును పనిలోకి దించే చోటు) కింద ఒకే సమయంలో. బీజాలు ఏర్పడే దశలోనే వాసన రావడం ఈ జీవికి ముఖ్యం. వాసనకు వచ్చిన స్ప్రింగ్‌టెయిల్ పురుగులు బీజాలను మోసుకుపోతాయని 2020లో చూపించారు.

సెప్టెంబరు: స్ఫటికాలు, చెట్టు

కోయెలికలర్ ముందు సగం నిర్మాణం 2015లో వచ్చింది: క్రియాస్థానంలో మూడు మెగ్నీషియం అయాన్లు, డైఫాస్ఫేట్ చోట అలెండ్రోనేట్. ఎముకలు గుల్లబారితే ఇచ్చే మాత్రలోని మందే అది. మేము వెనక సగానికి స్ఫటికాలు కట్టించే ప్రయత్నంలో ఉన్నాం. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల గాఢత, 1 మైక్రోలీటరు ప్రొటీన్, 1 మైక్రోలీటరు తల్లి ద్రావణం (స్ఫటికం కట్టించేది), సిట్టింగ్ డ్రాప్ పద్ధతి, 20 డిగ్రీలు. ఇంక్యుబేటర్‌కి యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోయి అరగంటలో ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు ఎక్కి, తిరిగి చల్లబడ్డాక టేపు కింద నీటి బిందువులు కట్టి చుక్కలన్నీ పలచబడ్డాయి.

రెండో రోజే మెరిసే పలకలు వచ్చాయి. అంత త్వరగా వస్తే అనుమానించాలి. సన్న సూదితో ఒకదాన్ని నొక్కితే టక్కున విరిగింది, ముక్కలకు పదునైన అంచులు. ప్రొటీన్ స్ఫటికం అలా విరగదు, తడి పటికబెల్లంలా నలుగుతుంది, దానిలో సగం నీరే. యూవీ కింద ట్రిప్టోఫాన్ వెలుగు కూడా లేదు. మెగ్నీషియం, అలెండ్రోనేట్ కలిసి కట్టిన ఉప్పు. అలెండ్రోనేట్‌ని 5 నుంచి 2 మిల్లీమోలార్‌కి తగ్గించి, మెగ్నీషియంతో నేరుగా కాకుండా ముందు ప్రొటీన్‌తో అరగంట కలిపి ఉంచితే ఆ పలకలు ఆగాయి.

వెనక సగంలో వింత ఏమిటంటే, దాని ముడిసరుకు జర్మాక్రాడయెనాల్‌కి డైఫాస్ఫేట్ లేదు. అయినా మెగ్నీషియంని పట్టే రెండు మోటిఫ్‌లూ అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి: డీడీవైవైపీ, ఎన్‌ఎస్‌ఈ. పాత పని వదిలి కొత్త పని నేర్చుకున్నాక కూడా పాత పనిముట్లను దాచుకున్నట్టు. ఈ ప్రొటీన్ల వంశవృక్షం (చెట్టు) గీసినప్పుడు అదే కథ. పూర్తి ప్రొటీన్లను వరుసలో పెట్టి గీస్తే ఏమీ తేలదు. లింకర్ దగ్గర రెండుగా కోసి, ముందు సగాలు, వెనక సగాలు అన్నిటినీ ఒకే వరుసలో పెట్టాలి, బయటి వర్గంగా పెంటలీనీన్ సింథేజ్‌ని, 2-మిథైల్ ఐసోబోర్నియాల్ సింథేజ్‌ని చేర్చాలి. స్ట్రెప్టోమైసిస్, మిక్సోబ్యాక్టీరియా, సయనోబ్యాక్టీరియా ఏవైనా సరే ముందు సగాలన్నీ ఒక కొమ్మలో, వెనక సగాలన్నీ ఇంకో కొమ్మలో చేరాయి. ఈ జీవులు వేరుపడ్డాక ఎక్కడికక్కడ జన్యువు రెండై ఉంటే, ప్రతి జీవి రెండు సగాలూ పక్కపక్కన కూర్చునేవి. జన్యువు రెండు కావడం, అతుకు పడటం ముందే జరిగాయి, ఆ తర్వాతే ఇది జీవుల మధ్య పంచుకోబడింది. వరుసలో ఖాళీలు ఎక్కువున్న నిలువులను తీసేశాకే ఈ కొమ్మలు గట్టిపడ్డాయి. తీయకపోతే లింకర్‌లోని అర్థం లేని తేడాలే చెట్టుని నడిపిస్తాయి.

ఈ వారం పనిలో ఉన్నది: ముందు సగంతో 50 మిల్లీలీటర్ల రియాక్షన్ నడిపి, ఈసారి పెంటేన్ పొరని కావాలనే వేసి జర్మాక్రాడయెనాల్ పోగు చేస్తున్నాం. అది శుద్ధి అయ్యాక వెనక సగం ఒక్కదానికే ఇస్తాం, నాలుగు సీసాల్లో: మెగ్నీషియంతో, మెగ్నీషియం లేకుండా, పైరోఫాస్ఫేట్‌తో, రెండూ కలిపి. పెంటేన్‌ని ఆవిరి చేసేటప్పుడు నైట్రోజన్ గాలి వేగం తగ్గించి, సీసాని ఐసులో పెట్టి, చివరి 100 మైక్రోలీటర్ల దగ్గర ఆపాలి. పూర్తిగా ఎండనిస్తే పెంటేన్‌తో పాటే సరుకూ పోతుంది.